ఆకాశంలో కుంపటి

విమానంలో చలి అంటే మనకు తెలిసింది ఒక్కటే. ఏసీ కాస్త ఎక్కువైతే ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి దుప్పటి అడుగుతాం. కిటికీకి అవతల మైనస్ 50 డిగ్రీలున్నా ఇవతల కాఫీ తాగుతూ సినిమా చూస్తుంటాం. పెద్ద జెట్ విమానాల సంగతి అది. వాటిలో చాలావాటి ఇంజిన్లు పీల్చుకున్న గాలిని నొక్కిపట్టేటప్పుడే అది బాగా వేడెక్కుతుంది. అందులో కొంత పక్కకు తీసి, చల్లార్చి మరీ లోపలికి పంపుతారు. అక్కడ వేడికి కొదవ లేదు.

నలుగురే పట్టే బుల్లి విమానం కథ వేరు. అలాస్కాలో, ఉత్తర కెనడాలో చాలా ఊళ్లకు రోడ్డు లేదు. కిరాణా సామాన్లు రావాలన్నా, ఉత్తరం అందాలన్నా, గర్భిణిని ఆసుపత్రికి చేర్చాలన్నా చిన్న విమానమే దిక్కు. మనకు పల్లెవెలుగు బస్సు ఎలాగో వాళ్లకు అదలాగ. చలి ఎక్కువగా ఉందని మనం బస్సెక్కడం మానేస్తామా? వాళ్లూ అంతే!

కాకపోతే అక్కడి చలి మన చలి కాదు. బయట మైనస్ 25 డిగ్రీలు. విమానం గోడ అంటే పల్చటి అల్యూమినియం రేకు. కిటికీలు ప్లాస్టిక్‌వి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి. తలుపు సందుల్లోంచీ, రెక్కల మొదట్లో ఉండే గాలి రంధ్రాల్లోంచీ చలి సూదుల్లా గుచ్చుతుంది. మామూలుగా ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పడిపోతుంది కూడా.

ఆ రేకు డబ్బాను వెచ్చగా ఉంచడం సుఖం కోసం కాదు. వేళ్లు కొంకర్లు పోతే మీటలు తిప్పలేరు. మనుషులు వదిలే ఊపిరి ముందు అద్దానికి లోపలివైపు మంచుపొరలా పట్టేస్తే దారి కనిపించదు. అందుకే పైలట్‌కు ఇంధనం ఎంత అవసరమో వెచ్చదనమూ అంత అవసరం. ఆ వెచ్చదనం ఎక్కణ్నుంచి వస్తుందన్నదే అసలు సంగతి.

కుంపటి మందుకే... మనుషులకు కాదు

1929 జనవరి. కెనడాలోని ఉత్తర ఆల్బర్టాలో కంఠసర్పి వ్యాపించింది. డిఫ్తీరియా అంటే చటుక్కున అర్థమవుతుంది. విరుగుడు మందు వెంటనే చేరకపోతే పిల్లలు దక్కరు. ఎడ్మంటన్ నుంచి ఫోర్ట్ వెర్మిలియన్‌కు వందల మైళ్లు. మధ్యలో అంతా మంచు. మందు తీసుకుని విల్‌ఫ్రిడ్ మే, విక్ హోర్నర్ అనే ఇద్దరు పైలట్లు బయల్దేరారు. వాళ్ల విమానం ఏవ్రో ఏవియన్. దానికి పైకప్పు లేదు. తలలు బయటికే ఉంటాయి!

మందు గడ్డకట్టిందంటే అంత కష్టమూ వృథా. అందుకని దాన్ని దుప్పట్లలో చుట్టి, పక్కన బొగ్గులతో మండే చిన్న హీటర్ పెట్టారు. ఉన్న ఒక్క కుంపటీ మందుకే. మనుషులు మాత్రం మైనస్ 30 డిగ్రీల ప్రాంతంలో ఉన్న చలిలో ముఖాలు గాలికొదిలి ఎగిరారు. దారిలో ఒక రాత్రి ఆగి, మర్నాటికి మందు చేర్చారు. వాళ్లు తిరిగొచ్చిన రోజున ఎడ్మంటన్‌లో జనం వేలల్లో వచ్చి స్వాగతం పలికారు.

ఆ రోజుల్లో విమానానికీ చలి కాచాల్సి వచ్చేది. సాయంత్రం దిగగానే ఇంజిన్‌లోని ఆయిల్‌ను డబ్బాలోకి వంపి, గదిలోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకునేవారు. లేకపోతే పొద్దుటికి గట్టిపడి కూర్చునేది. తెల్లారాక ఇంజిన్ మీద గుడారంలా గుడ్డ కప్పి, కింద మంట పెట్టి కాచి, వెచ్చటి ఆయిల్ మళ్లీ పోసేవారు. ఇప్పుడు ఆ పని కరెంటు హీటర్లూ, మెత్తలు కుట్టిన ఇంజిన్ దుప్పట్లూ చేస్తున్నాయి.

సైలెన్సర్‌కు తొడుగు

మరి ఇప్పటి చిన్న విమానం లోపల వేడి ఎలా పుడుతుంది?

బైకు సైలెన్సర్ తగిలి పిక్క కాల్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. చిన్న విమానం హీటర్ అచ్చంగా ఆ వేడే! కారులోనైతే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల నుంచి వేడి తీసుకోవచ్చు. చిన్న విమానాల ఇంజిన్లలో ఎక్కువ భాగం గాలితోనే చల్లబడతాయి. రేడియేటర్ లేదు, కాగిన నీళ్లూ లేవు. ఇక వృథాగా పోతున్న వేడి ఎక్కడుంది? పొగ గొట్టంలో.

సెస్నా 172నే చూడండి. 1955లో తొలిసారి ఎగిరిన ఈ విమానం ఇప్పటికి 44 వేలకు పైగా తయారైంది. ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని తయారు కాలేదు. ఇందులో సైలెన్సర్ చుట్టూ రేకుతో ఓ తొడుగు వేస్తారు. ముందునుంచి వచ్చే చల్లటి గాలి ఆ తొడుగులోకి దూరి, మండిపోతున్న సైలెన్సర్‌ను చుట్టుకుని వేడెక్కుతుంది. ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉన్న అడ్డుగోడలోని మూత తెరుచుకుంటే లోపలికి వస్తుంది. పైలట్ ముందున్న ఒక మీట లాగితే మూత తెరుచుకుంటుంది, తోస్తే మూసుకుంటుంది. అంతే! ఫ్యాను లేదు, కరెంటు ఖర్చు లేదు, చుక్క పెట్రోలు అదనంగా అక్కర్లేదు.

రెండు ఇంజిన్ల విమానాల్లో ఇంజిన్లు రెక్కల మీద, దూరంగా ఉంటాయి. కాబట్టి వాటిలో చాలావాటికి విడిగా ఓ హీటర్ పెడతారు. విమానం పెట్రోలునే అది కొద్దికొద్దిగా మండించి గాలిని కాస్తుంది.

ముందు మంట... వెనక వణుకు

పద్ధతి తేలికే కానీ, పేచీలు చాలా ఉన్నాయి. వేడిగాలి ముందు సీట్ల కాళ్ల దగ్గరే బయటికొస్తుంది. పైలట్‌కు బూట్లలో పాదాలు ఉడికిపోతుంటే, వెనక సీట్లో ఉన్నవాళ్లకు పళ్లు టకటకలాడుతుంటాయి. ఒకరు ‘తగ్గించు’ అంటారు, ఇంకొకరు ‘పెంచు’ అంటారు. అదే వేడిలో కొంత అద్దం మీది మంచు కరగడానికీ పోవాలి.

ఇంకో చిక్కుంది. దిగడానికని ఇంజిన్ జోరు తగ్గించగానే సైలెన్సర్ చల్లబడుతుంది. అద్దం స్పష్టంగా కనిపించాల్సిన ఆ సమయంలోనే హీటర్ నీరసపడిపోతుంది. అందుకే చలిదేశాల పైలట్లు సంక్రాంతికి ఇల్లు సర్దుకున్నట్టు చలికాలానికి ముందే విమానాన్ని సర్దుకుంటారు. తలుపుల రబ్బరు పట్టీలు మారుస్తారు. అక్కర్లేని గాలి రంధ్రాలను టేపుతో మూస్తారు. తయారీదారు అనుమతించిన విమానాల్లో ఇంజిన్ ముందున్న గాలి దారులకు పలకలు బిగించి కొంత కుదిస్తారు. వెనకవాళ్లకు దుప్పట్లు సరేసరి.

రంగు లేదు... వాసన లేదు

ఇంతవరకూ ఇబ్బందులే. అసలు ప్రమాదం ఆ సైలెన్సర్ రేకులోనే ఉంది. దానికి ఒకవైపు మనిషి పీల్చే గాలి. రెండోవైపు విషం. మధ్యలో ఉన్నది పల్చటి లోహం.

అది రోజూ ఎర్రగా కాలుతుంది, మళ్లీ చల్లబడుతుంది. ఏళ్ల తరబడి అదే వరస. ఎప్పుడో ఒకచోట వెంట్రుకంత పగులు వస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అందులోంచి తొడుగులోకి, అక్కణ్నుంచి వేడిగాలితో కలిసి సీట్ల మధ్యకు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత మగత. ఒళ్లు వెచ్చగా ఉంది కాబట్టి నిద్ర వస్తోందనుకుంటారు. ‘ఏదో తేడాగా ఉంది’ అని గ్రహించాల్సిన బుర్రే ముందు మొద్దుబారుతుంది.

ఇది మనకు తెలియని శత్రువేం కాదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు మనమూ చదివాం. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ చేసే హానీ ఇదే. కుంపటి నేల మీదున్నా, ఆకాశంలో ఉన్నా దాని స్వభావం మారదు.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఓ పైలట్ ఒంటరిగా చిన్న విమానంలో బయల్దేరాడు. కాసేపటికి స్పృహ తప్పాడు. ఆటోపైలట్ పుణ్యమా అని విమానం తన దారిన తాను పోతూనే ఉంది. చివరికి ఇంధనం అయిపోయి, మంచు కప్పిన పొలంలో దానంతటదే దిగిపడింది. ఆయనకు మెలకువ వచ్చేసరికి చుట్టూ మంచు! దెబ్బలతోనే నడిచి దగ్గర్లో ఉన్న ఇంటికి చేరుకున్నాడు. తర్వాత చూస్తే సైలెన్సర్‌కు పగులుంది.

అందరికీ అంత అదృష్టం ఉండదు. 2019 జనవరి 21 రాత్రి ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు వెళ్తున్న చిన్న విమానం ఇంగ్లిష్ ఛానల్‌లో కూలిపోయింది. అందులోని ప్రయాణికుడు అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా. వయసు 28 ఏళ్లు. ఆయన రక్తంలో హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ 58 శాతం ఆక్రమించిందని పరీక్షలో తేలింది. 50 శాతం దాటితేనే ప్రాణాంతకమంటారు. పైలట్ కూడా ఆ విషవాయువు ప్రభావానికి లోనై ఉండొచ్చని 2020లో బ్రిటన్ దర్యాప్తు సంస్థ నివేదిక ఇచ్చింది. రాత్రిపూట నడిపే అర్హత పైలట్‌కు లేకపోవడం లాంటి లోపాలనూ ఎత్తిచూపింది. విషవాయువు చేరితే హెచ్చరించే పరికరం ఆ విమానంలో లేదు.

మచ్చ నల్లబడితే...

ఆ పరికరం లేకపోవడం ఒక్క విమానానికి పరిమితమైన లోపం కాదు. 1982 నుంచి 2020 దాకా ఈ విషవాయువు వల్ల జరిగిన 31 ప్రమాదాలను అమెరికా రవాణా భద్రతా సంస్థ లెక్కతీసింది. 42 మంది చనిపోయారు. ఆ 31 విమానాల్లో హెచ్చరిక పరికరం ఉన్నది ఒక్కదాంట్లోనే! 2004లో ఒకసారి, 2022లో మరోసారి ఈ పరికరాలను తప్పనిసరి చేయమని ఆ సంస్థ సిఫారసు చేసింది. బ్రిటన్‌లోనైతే, పైలట్ అర్హత లేని ప్రయాణికులను పిస్టన్ ఇంజిన్ విమానంలో ఎక్కించుకుంటే, పనిచేసే పరికరం ఉండి తీరాలన్న నిబంధన 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

పరికరమంటే పెద్ద యంత్రమేం కాదు. పాతరకంది విజిటింగ్ కార్డంత అట్టముక్క. మధ్యలో రంగు మచ్చ ఉంటుంది. విషవాయువు తగిలితే నల్లబడుతుంది. కానీ మగతలో ఉన్నవాడు దాన్ని చూడాలి కదా! కొత్తరకంవి గట్టిగా కూత పెడతాయి. ఏటా సైలెన్సర్ తొడుగు విప్పి పగుళ్లు వెతికే మెకానిక్ కన్ను మాత్రం ఏ పరికరం ఉన్నా తప్పదు.

కోటు ఎందుకంటే...

పరికరం మోగితే ఏం చేయాలి? మూడే పనులు. హీటర్ ఆపేయాలి. కిటికీ, గాలి రంధ్రాలు తెరవాలి. దగ్గర్లో ఎక్కడ వీలైతే అక్కడ దిగిపోవాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ బయట మైనస్ 25 ఉన్నప్పుడు, ఒంటి మీద పల్చటి చొక్కాతో కూర్చున్నవాడికి ఆ కిటికీ తెరవడానికి చెయ్యి వస్తుందా? ‘ఇంకో పది నిమిషాలే కదా’ అనిపించదూ?

హీటర్ బాగా పనిచేస్తున్నా చలిదేశాల పైలట్లు దళసరి బూట్లు, ఉన్ని లోదుస్తులు, కోటు, చేతి తొడుగులు వేసుకునే ఎక్కడం అందుకే. కొత్తగా ఎక్కేవాళ్లకు అది చాదస్తంలా కనిపిస్తుంది. దారిలో దిగాల్సి వస్తే మంచులో నడవడానికి అవి ఎలాగూ కావాలి. అంతకంటే ముందు, గాల్లో ఉండగానే మరో ఉపయోగం ఉంది. ఒంటి నిండా బట్ట ఉన్నవాడే సందేహం రాగానే హీటర్ మీట లోపలికి తోసెయ్యగలడు. కార్డు మీద మచ్చ నల్లబడేదాకా, కూత వినిపించేదాకా కూడా ఆగక్కర్లేదు. కాస్త తలనొప్పి చాలు.

అమెరికా, కెనడాల్లో విమానం నడపడం నేర్చుకునే మన పిల్లలకు తొలి చలికాలంలో ఈ పాఠం ఎదురవుతుంది. ఇక్కడి ఎండల్లో నేర్చుకున్నవాళ్లకు ఆ మీటతో పెద్దగా పనిపడదు మరి. ఊరినుంచి ఫోన్ చేసినప్పుడు ‘స్వెట్టర్ వేసుకున్నావా’ అని అమ్మ అడుగుతుంది. వేసుకోమనే అక్కడి గురువులూ చెబుతారు.