నాయన లెక్క పుస్తకం, మా డీజిల్ కారు

రెండేండ్లుగా మా ఇంట్లో ఒకటే జగడం. ఆస్తి గురించి కాదు, పెండ్లి గురించి కాదు. డీజిల్ కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అనేదాని గురించి.

2023లో కారు కొన్నాము. పెట్రోలుది చాలు అని అమ్మా, మా ఇంటావిడా అన్నారు. డీజిలే కావాలని నాయన పట్టు పట్టినాడు. ఒకటిన్నర లీటరు ఇంజను, కొత్త బీఎస్-6 బండి. కంపెనీ కాగితంలో లీటరుకు 23 కిలోమీటర్లకు పైనే అని ఉంది. పెట్రోలు దానికంటే లక్షన్నర ఎక్కువ పెట్టి తెచ్చుకున్నాము. మూడు నెలలు బెంగళూరులో తోలినాక లెక్క తీస్తే వచ్చింది 13.

ఆ నంబరు విని నాయన ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. మేము మోసపోయినామని మా బాధ. మేము ఆయన మాట విని మోసపోయినామని ఆయన బాధ.

మాది ముళబాగిలు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఎక్కాలు ఇప్పటికీ మా నోటికి కన్నడంలోనే వస్తాయి. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాము, తప్పులుంటే సర్దుకొని చదువుకోండి. 1990లలో నాయన మెటడోరు తోలేవాడు. మా వైపు టమోటా కోలారు మార్కెట్‌కు, అక్కడినుంచి బెంగళూరుకు. ఆయన లెక్క పుస్తకం బీరువాలో ఇంకా ఉంది. మాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ కన్నడం. మన కోలారు వైపు ఇండ్లలో ఇట్లాంటి పుస్తకాలు అరుదేమీ కాదు, మీ ఇంట్లో కూడా ఒకటి ఉండొచ్చు. తేదీ, మీటరు రీడింగు, పోసిన డీజిల్, ఎక్కించిన సరుకు, అన్నీ రాసి ఉంటాయి. సరుకుతో 11, ఖాళీగా 13. ఎప్పుడూ ఒకే బంకు, ఎప్పుడూ నిండు ట్యాంకు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పు ఎక్కడుందో కనిపెట్టి చూపిస్తే, కోడు రాసినవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "నా కంప్యూటరులో బాగానే పని చేస్తోంది కదా!" కంపెనీ చెప్పే మైలేజీ కూడా అట్లాంటిదే. అబద్ధం కాదు, వాళ్ల ల్యాబులో అది నిజమే. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి చోట బండిని రోలర్ల మీద నిలబెట్టి, 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కొంచెం తక్కువ, ఒక లెక్క ప్రకారం నడుపుతారు. దూరం పది కిలోమీటర్ల పైచిలుకు. సగటు వేగం గంటకు 32 దగ్గర, ఎంత పోయినా 90 దాటదు. ఏసీ ఉండదు, గుంతలుండవు, ముందర నిలిచిపోయే బస్సు ఉండదు. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి ఆ నంబరు మంచిదే. మన దారిలో ఏం వస్తుందో చెప్పడానికి కాదు.

మా దారి ఏమిటంటే, ఇంటినుంచి ఆఫీసుకు ఏడు కిలోమీటర్లు, పట్టేది ముప్పావు గంట. అంటే గంటకు తొమ్మిది పది కిలోమీటర్లు. ఏసీ వేసుకొని సిగ్నల్లో నిలబడినా డీజిల్ కాలుతూనే ఉంటుంది, దూరం మాత్రం సున్నా. ఇంజను బాగా వేడెక్కేలోగా ఆఫీసు వచ్చేస్తుంది.

ఇక్కడే కొత్త డీజిల్ బండికీ నాయన మెటడోరుకూ తేడా. మెటడోరు నల్ల పొగ బయటికి వదిలేది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. మసి అందులో చిక్కుకుంటుంది. అది నిండేకొద్దీ బండి తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ పోసి, ఫిల్టరును దాదాపు 600 డిగ్రీలకు వేడి చేసి, ఆ మసిని కాల్చేస్తుంది. హైవేలో అయితే ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఏడు కిలోమీటర్ల దారిలో అయితే పని మొదలయ్యేలోగా మనం తాళం తీసేస్తాము. మరుసటి రోజు మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆగడం. ఆ డీజిలంతా మసి కాల్చడానికే పోతుంది, బండిని ముందుకు జరపదు. పైగా కాలని డీజిల్ కొంత ఇంజను ఆయిల్లో కలిసి ఆయిల్ కూడా చెడుతుంది.

పోయిన వానాకాలంలో ఆ ఫిల్టరు దీపం వెలిగింది. సర్వీసు సెంటరులో చాలా పెద్ద మొత్తం చెప్పినారు. ఇంటికొచ్చి, ఇంక అమ్మేద్దామని అనుకున్నాము. ఇద్దరు వచ్చి బండి చూసి పోయినారు కూడా. వాళ్లు పోయినాక నాయన అన్నాడు, "చూడప్పా, బండిది తప్పు కాదు. దాన్ని ఒక్కసారి ఊరిదాకా తోలుకొని పోదాం. పొడుగు దారిలో పోతే అదే సర్దుకుంటాది."

ఆ మాట ఆయన అంతకుముందు కూడా మూడు నాలుగు సార్లు అని ఉన్నాడు. అవ్వ పోయినాక మేము ఊరికి పోవడం తగ్గిపోయింది. శనివారం రిలీజు ఉంది, ఆదివారం అలసట, అంటూ దాటేస్తూ వచ్చినాము. ఈసారి బండితోపాటు వచ్చిన పుస్తకం తీసి చదివినాము. దీపం వెలిగితే ఆగకుండా కొంతసేపు వేగంగా నడపమని అందులోనే రాసి ఉంది. కొన్ననాటి నుంచి ఎవరమూ తెరవని పుస్తకం అది.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరినాము. హొసకోటె దాటినాక 80లో, గేరు మార్చకుండా, ఒకే తీరుగా తోలినాము. నరసాపుర దాటేసరికి దీపం ఆరిపోయింది. పక్క సీటులో నాయన ఏమీ అనలేదు, జేబులోంచి పెన్ను తీసి మీటరు రీడింగు రాసుకున్నాడు. ఊరు చేరినాక అవ్వ ఇంటి తలుపు తీసి నట్టింట్లో చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. ఆయన అన్నిసార్లు అడిగింది బండి కోసమా, ఊరి కోసమా అని మేము అడగలేదు. అడగవలసిన పని కనిపించలేదు.

అప్పటినుంచి రెండు వారాలకు ఒకసారి ఊరికి పోతున్నాము. లెక్క నాయన పద్ధతిలోనే. ఒకే బంకు, నాజిలు తనంతట తాను ఆగేదాకా డీజిల్, పోయిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించడం. ఒక్కసారి వచ్చిన లెక్కను నమ్మము, అయిదారు సార్లది కలిపి చూస్తాము. బండి ముందర కనిపించే మీటరును అసలే నమ్మము. తిరుపతికి పోయివచ్చినప్పుడు అది 22.4 చూపించింది, ట్యాంకు లెక్కలో వచ్చింది 20.9.

ఆ ప్రయాణంలో ఇంకోటి తెలిసింది. పోయేటప్పుడు 22.8, వచ్చేటప్పుడు 19.3. అదే బండి, అదే మనుషులు. బెంగళూరు తిరుపతికంటే ఏడువందల మీటర్లకు పైన ఎత్తులో ఉంది. మనుషులతో కలిపి 1,600 కిలోల బండిని ఆ ఎత్తుకు ఎక్కించడానికే దాదాపు ఒక లీటరు డీజిల్ కావాలి. పోయేటప్పుడు పలమనేరు దాటినాక మొగిలి ఘాట్ దిగి, "మా బండి 23 ఇస్తుంది" అని చెప్పుకునేవాళ్లు వచ్చే లెక్క కూడా కలిపి చెప్పాలి. వేగం సంగతీ అంతే. 80 నుంచి 110కి పోతే గాలి అడ్డు దాదాపు రెట్టింపు. 80లో మాకు 23 దాకా వచ్చింది, 110లో 18 దాటలేదు.

ఇంక డబ్బు లెక్క. 2025లో బెంగళూరులో డీజిల్ సుమారు 91 రూపాయలు, పెట్రోలు సుమారు 103. ఇదే బండి పెట్రోలుది ఆఫీసులో ఒకరికి ఉంది. ఆయన లెక్కలో బెంగళూరు లోపల 12, హైవేలో 16. మాకు లోపల 13, హైవేలో 21. అంటే లోపల కిలోమీటరుకు మాకు మిగిలేది రూపాయిన్నర పైన, హైవేలో రెండు రూపాయల పైన. ఏడాదికి 5,000 కిలోమీటర్లు బెంగళూరు లోపల మాత్రమే తిరిగితే, మేము ఎక్కువ పెట్టిన లక్షన్నర వెనక్కి రావడానికి దగ్గర దగ్గర 19 ఏండ్లు. హైవే 7,000 కలిస్తే ఆరున్నర ఏండ్లు. అన్నీ కలిపి ఇప్పుడు మా సగటు 16.7. కాగితంలోని 23 ఎన్నటికీ రాదు, దాని కోసం ఎదురుచూడటం మానేసినాము.

కాబట్టి అడిగినవాళ్లకు మేము చెప్పేది ఇదే. ఇల్లు, ఆఫీసు, బడి, ఇంతే మీ దారి అయితే డీజిల్ వద్దు. ఊరు ఉండి, ఊరికి పోయేవాళ్లయితే తీసుకోండి. ఊరు ఉండీ పోనివాళ్లు, ముందు అది తేల్చుకొని షోరూముకు పోండి.

అమ్మడం మానుకున్నాము. లెక్క పుస్తకంలో మెటడోరు పేజీలు అయిపోయిన చోట ఒక గీత గీసి, దాని కింద నాయన కొత్త బండి లెక్క మొదలుపెట్టినాడు. అవే కన్నడ అక్షరాలు, అదే తెలుగు. నిన్నటి వరుసలో కిలోమీటర్లు, లీటర్లు రాసి, సరుకు అనే చోట "మనవరాలు, ఇద్దరు కోడండ్లు, ఒక బస్తా రాగులు" అని రాసినాడు.