వెలుగు పక్కన చీకటి



ఈస్టర్ రోజుల్లో రాత్రి తొమ్మిది గంటలప్పుడు, అరకు లోయలో మబ్బు లేకపోతే, సింహరాశి దాదాపు మన నడినెత్తిన ఉంటుంది. దానికి కాస్త దక్షిణంగా మన కంటికి ఆనని నక్షత్రం ఒకటి ఉంది. అదీ మన సూర్యుడిలాంటిదే. పట్టికల్లో దాని పేరు హెచ్‌డీ 86081. 2019లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య తన నూరేళ్ల పండుగ సందర్భంగా ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రాన్నీ దాని గ్రహాన్నీ ఇచ్చి పేర్లు పెట్టమంది. మన దేశానికి ఇది వచ్చింది. నక్షత్రానికి బిభా అని, గ్రహానికి సంతమస అని పెట్టారు.

బిభా చౌధురి (1913–1991) డార్జిలింగ్ వైపు కొండల మీద ఫోటో ప్లేట్లు ఉంచి కాస్మిక్ కిరణాలను పరిశోధించిన శాస్త్రవేత్త. బతికుండగా ఆమె పేరు ఎక్కువమందికి తెలియలేదు. ఆ మాటకు అర్థం వెలుగు. తెలుగులో మనం విభ అంటాం. సంతమసం అంటే అంతటా కమ్మిన చీకటి.

ఆ గ్రహం 2006లో బయటపడింది. అది గురుగ్రహం కన్నా బరువైనది. మన సూర్యుడికి బుధుడున్న దూరంలో పదో వంతు కూడా లేనంత దగ్గరగా తిరుగుతోంది. దాని ఏడాది మనకు రెండు రోజుల చిల్లర. దాన్ని నేరుగా చూసి కనిపెట్టలేదు. అది లాగడం వల్ల నక్షత్రం కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంటే, ఆ వెలుగులో తేడా పట్టి పోల్చుకున్నారు. వెలుగుకు అంత దగ్గరున్నదానికి చీకటి అని పేరు!

మాకిది వింతగా తోచలేదు. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు పుట్టింది. తీగలు కొండలు దాటి మైదానాలకు వెళ్లాయి. కొండల్లోని ఎన్నో గూడేల్లో మాత్రం ఏళ్ల తరబడి కిరోసిన్ బుడ్డీలే వెలిగాయి. దగ్గరగా ఉండటం వేరు, వెలుగు అందటం వేరు.

పోయిన వానాకాలం మా గూడెంలో ఒక అవ్వ ప్రభువు సన్నిధికి చేరింది. ప్రతి ఆదివారం ముందు వరుసలో చాప మీద కూర్చునేది. సిలువ మీద పేరు రాయాలంటే ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె అవ్వే. మనవడు ఇంటికి పరుగెత్తి ఆధార్ కార్డు తెచ్చాక రాశాం. అంతవరకు వానలో అందరం మౌనంగా నిలబడ్డాం.

147వ కీర్తన తీసి చూడండి. దేవుడు నక్షత్రాలను లెక్కించి పేర్లు పెడతాడని చెప్పే వచనానికి సరిగ్గా ముందున్నది, గుండె చెదిరినవారిని బాగుచేస్తాడన్న మాట. ఆ రెండూ చేసేది ఒక్క చెయ్యే. 340 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నదానికి మనుషులం పేరు పెట్టగలిగాం. మన చాప మీద పక్కన కూర్చున్న మనిషి పేరు ఆయనకు తెలుసు. మరి మనకు?

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పక్కవారి పేరు అడుగుదాం. ఇంటికెళ్లి ఆ పేరుతోనే ప్రార్థిద్దాం. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.