డ్రయర్ మోగేదాకా

అమెరికాలో తెలుగు రాసేవాళ్లు ఇద్దరు కలిస్తే కథల కబుర్లకంటే ముందు టైము దొరకడం లేదన్న గోడు మొదలవుతుంది. ఉద్యోగం, పిల్లలు, వాకిట్లో మంచు తీయడం, వారాంతాల్లో పుట్టినరోజు పార్టీలు. ఆ వెంటనే రెండో గోడు: ఇంట్లో కూర్చుని రాసుకోడానికి చోటు లేదని. నాలుగు పడకగదుల ఇంట్లో ఉంటూ ఈ మాట అంటే ఇండియాలో చుట్టాలు నవ్వుతారు. నవ్వనివ్వండి. మాకు ఒక గది, పిల్లలకి చెరొకటి. నాలుగోది ఒకప్పుడు చుట్టాల గది. 2020లో ఆఫీసుగా మారింది, మళ్లీ వెనక్కి రాలేదు.

ఆ గదిలో దేనికీ లోటు లేదు. రెండు మానిటర్లు, నిలబడి పనిచేసుకునే బల్ల, నడుముకి ఆసరా ఇచ్చే కుర్చీ. అయినా అక్కడ కూర్చుంటే తెలుగు పేరా ఒక్కటి కుదరదు. కుర్చీలో కూలబడగానే చెయ్యి దానంతటదే ఈమెయిల్ మీదికి పోతుంది. పగలంతా టెస్ట్ రిపోర్టులు రాసిన చోట పాలకొండ సంత గురించి రాయబోతే వాక్యాలు కూడా అలాగే వస్తాయి: సంతకు వెళ్లడం జరిగింది, బేరం చేయడం జరిగింది, వంకాయలు కొనడమైనది.

అందుకని నా రాత బేస్‌మెంట్‌లోకి దిగింది. మిన్నెసోటా ఇళ్లలో బేస్‌మెంట్ అంటే ఫర్నేసు, నీళ్ల హీటరు, వాషరు, డ్రయరు. తెలుగువాళ్లదైతే వీటికి తోడు ఆవకాయ జాడీలు, ఇండియా సూట్‌కేసులు. డ్రయర్ పక్కన గోడవార కొంచెం జాగా ఉంటే కాస్ట్‌కోలో కొన్న మడత బల్ల వేశాను. కుర్చీ భోజనాల బల్లది, దానిమీద దిండు. ల్యాప్‌టాప్ పాతది, బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు పెడితేనే బతుకుతుంది. దాని కింద దీపావళి ప్రత్యేక సంచికల కట్ట ఒకటి పెట్టాను. తెర పై అంచు కంటికి సమానంగా వచ్చింది, మెడనొప్పి తగ్గింది. ఆ ఎత్తులో టైపు చేస్తే మణికట్లు పోతాయి కాబట్టి కీబోర్డు విడిగా బల్ల మీద ఉంటుంది. ఇక దీపం. శీతాకాలం ఇక్కడ ఏడున్నర దాటితే గానీ సూర్యుడు రాడు, బేస్‌మెంట్‌లోకి ఆ వచ్చేదీ అంతంత మాత్రమే. డబ్బు పెట్టాల్సిన వస్తువు ఏదైనా ఉందంటే మంచి టేబుల్ లైటే.

కీబోర్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అమెరికా తెలుగువాళ్లలో చాలామందిలాగే నేనూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనదాన్నే. ఆ పద్ధతుల్లో పాతదైన ఆర్‌టీఎస్ హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది, పేరులోనే రైస్ ఉంది. దాని ఉపకారం చిన్నది కాదు. కాకపోతే అమ్మ అని రాయాలంటే మనసులో ముందు ఎ, ఎమ్, ఎమ్, ఎ అనుకోవాలి. పగలంతా ఇంగ్లీషులో నడిచిన బుర్రకి ఇక్కడ కూడా అదే దారి. నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నాక ఆ బెడద పోయింది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు చాలా మటుకు హల్లులు. షిఫ్టుతో డి నొక్కితే అ. సి నొక్కితే మ, డి నొక్కితే పొల్లు, మళ్లీ సి. అమ్మ వచ్చేసింది. మొదట్లో పిల్లల చేత పలకమీద దిద్దించినంత నెమ్మదిగా సాగుతుంది, విసుగొస్తుంది. ఆ విసుగు దాటితే వేళ్లకి తెలుగు బడి దొరికినట్టే.

టైముకి నా దగ్గర యాప్ లేదు, డ్రయర్ ఉంది. తెల్లవారుజామున తడిబట్టలు అందులో వేసి మీట నొక్కుతాను. అది మోగేదాకా లేవకూడదు. ఫోను పైన వంటింట్లో ఉంటుంది, వైఫై ఆపేసి ఉంటుంది. రాస్తుండగా ఏదో తేదీ గుర్తు రాకపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతాను. వెతకడానికి లేచామా, ఆ పూట అక్కడితో సరి. నలుగురున్న ఇంట్లో బట్టలకు కొదవ ఉండదు గనక రాతకూ కొదవ లేదు.

ఆంథొనీ ట్రోలోప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున అయిదున్నరకి బల్ల దగ్గర కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడు. తనని లేపి కాఫీ ఇవ్వడానికి నౌకరుకి ఏడాదికి 5 పౌన్లు అదనంగా ముట్టజెప్పేవాడు. 1883లో అచ్చయిన ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. మా ఇంట్లో నన్ను లేపేవాళ్లు లేరు సరికదా, నేను లేస్తే చప్పుడవుతుందని విసుక్కునేవాళ్లున్నారు.

ఉద్యోగం చేస్తూ రాయడం మనవాళ్లకూ కొత్త కాదు. రావిశాస్త్రి గారు వకీలు, కారా మాస్టారు లెక్కల మాస్టారు. కానీ వాళ్లు పగలంతా తెలుగు మధ్యనే తిరిగారు. కోర్టు వరండాలో విన్న మాట రాత్రికి కాగితం మీదికి రావచ్చు. మనకి పగలంతా చెవినపడేది వేరు. అందుకే బయటి దేశంలో రాతబల్లకి చోటు వెతుక్కునేటప్పుడు నిశ్శబ్దం కంటే తెలుగు వినపడుతుందా లేదా అన్నది ముందు చూసుకోవాలంటాను.

అత్తయ్యగారు మా దగ్గరున్న నెలల్లో నా రాత బాగా సాగింది. ఆవిడ డ్రయర్ ముందు కుర్చీ వేసుకుని వేడి వేడి బట్టలు మడతపెడుతుంటే నేను రాసింది పైకి చదివేదాన్ని. సంతలో బేరం దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు ఒళ్లో పడేసి, “ఏటమ్మా, సంతలో ఆడది దయచేసి తగ్గించండి అంటాదేటి? నీ దగ్గర కొన్నట్టే, ఆఖరుకి ఎంతకిస్తావో సెప్పు అంటాది” అన్నారు. పేరా అంతా కొట్టేసి మళ్లీ రాశాను. ఇప్పుడు ఆవిడ పాలకొండలో ఉన్నారు. చిత్తుప్రతి చదివి వాట్సాప్‌లో పంపుతాను. నాకు పొద్దున్న అయిదున్నర అంటే ఆవిడకి సాయంత్రం టీ వేళ. మొహమాటం లేకుండా జవాబిస్తారు.

హైదరాబాద్‌లో ఎడిటర్ గారు “మేడమ్, శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా” అంటారు. అది చలికాలంలో నాకు అదే రోజు పొద్దున్న ఆరున్నర, మార్చి రెండో ఆదివారం గడియారాలు మారాక ఏడున్నర. నవంబరు దాకా ఆ గంట నాకు లాభం. పంపేటప్పుడు వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచేస్తాను. పత్రికలో యూనికోడ్ నుంచి అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు అటూ ఇటూ అయితే సరిచూసుకోడానికి వాళ్లకి అదే ఆధారం.

ఇల్లే ఆఫీసు కదా, పన్నులో ఏమైనా తగ్గుతుందా అని మా ఆయన లెక్కకు కూర్చున్నారు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు చదరపు అడుగుకి 5 డాలర్ల చొప్పున 300 అడుగుల దాకా మినహాయింపు ఉందట. అయితే ఆ జాగా వ్యాపారానికి తప్ప ఇంక దేనికీ వాడకూడదు, పైగా ఆ వ్యాపారంలో లాభం రావాలి. మా జాగాలో డ్రయర్ ఉంది, నా వ్యాపారంలో లాభం లేదు. ఆయన ఫైలు మూసేశారు.

మీ ఇంట్లోనూ పాత ల్యాప్‌టాప్ ఉండే ఉంటుంది. రీసైక్లింగుకి ఇచ్చేయకండి. విండోస్ అయినా మ్యాక్ అయినా తెలుగు కీబోర్డు అందులోనే ఉంది, సెట్టింగ్స్‌లో చేర్చుకోవడమే, పైసా ఖర్చు లేదు. ఆఫీసు మెయిలు మాత్రం అందులో పెట్టకండి. కుర్చీ, మానిటరు, ఎత్తు పెంచుకునే బల్ల ఇవన్నీ థాంక్స్‌గివింగ్ సేల్‌లో చూసుకోవచ్చు.