అమ్మీ జాహిల్ కాదు

మా ఇంట్లో పాత వాషింగ్ మెషీన్‌కి రెండు గుండ్రటి నాబ్‌లు ఉండేవి. ఎంత తిప్పితే అంతసేపు నడిచేది. పని అయిపోగానే గంట కొట్టేది. అది పాడైపోయి కొత్తది వచ్చింది. దానికి నాబ్‌లు లేవు, నున్నటి నల్ల అద్దం ఉంది. అద్దం మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఏది నొక్కాలో, ఏది ఉత్త దీపమో తెలీదు. అమ్మీ రెండు రోజులు దాని ముందు నిలబడి చూసింది. మూడో రోజు బకెట్ ముందేసుకుని చేత్తో ఉతకడం మొదలుపెట్టింది.

ఎందుకమ్మీ అంటే, "మై జాహిల్ హూ బేటా, నాకేం సమజవుతది" అంది.

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. అమ్మీ ఉర్దూ చదువుతుంది, ఖురాన్ తిలావత్ చేస్తుంది. నెల ఖర్చు హిసాబ్ మొత్తం నోటి మీదే. మరి ఒక మెషీన్ ముందు జాహిల్ ఎట్లా అయింది?

అమెరికాలో డోనల్డ్ నార్మన్ అనే ప్రొఫెసర్ రోజువారీ వస్తువుల మీద 1988లో ఒక పుస్తకం తెచ్చాడు. వస్తువు వాడటం రాకపోతే మనుషులు తమనే తిట్టుకుంటారనీ, చాలాసార్లు ఖసూర్ ఆ వస్తువు తయారీలోనే ఉంటుందనీ ఆయన వాదన. తలుపు తోయాలో లాగాలో బోర్డు రాసి చెప్పాల్సొస్తే, ఆ తలుపు సరిగ్గా చేయలేదన్నమాటే.

ఇప్పుడు బధ్నాని చూడండి. అదే, వజూ చేసే కొమ్ముచెంబు. పట్టుకునే చోటు చేతికి తెలుస్తుంది, నీళ్లు ఎటు నుంచి వస్తాయో కొమ్ము చెబుతుంది. కొంచెం వంచితే సన్నటి ధార, ఇంకొంచెం వంచితే ఎక్కువ. కరెంటు పోయిన ఫజర్ చీకట్లో కూడా తడుముకోనక్కర్లేదు. తస్బీహ్ కూడా అంతే. 33 పూసల తర్వాత వేరే రకం పూస తగులుతుంది. కళ్లు మూసుకున్నా లెక్క వేలికి తెలుస్తుంది.

మన ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికన్ డిజైనర్ దంపతులు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో ఒక రిపోర్టు ఇచ్చారు. దాంట్లో వాళ్లు మనసారా మెచ్చుకున్న వస్తువు మన మామూలు లోటా. అది ఏ ఒక్కరి హునరో కాదు, తరతరాల చేతుల్లో అరిగి, దిద్దుకుని ఆ రూపానికి వచ్చిందన్నారు. ఆ రిపోర్టు ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది.

పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ చెడ్డవి అని నేననను. ఓటింగ్ మెషీన్ కొత్తదే కదా. అభ్యర్థి పేరు, గుర్తు, పక్కనే నీలం బటన్. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్‌మంటుంది. పక్కన అద్దంలో 7 సెకన్లపాటు చీటీ కనిపిస్తుంది. ఎక్కడ నొక్కాలి, నొక్కానా లేదా, నేను నొక్కిందే పడిందా... మూడు సవాళ్లకీ జవాబ్ అక్కడే దొరుకుతుంది. దేశంలో ఎక్కువమందికి చదువు రాని 1951-52 ఎన్నికల్లోనే గుర్తులు పెట్టారు కాబట్టి, అక్షరం రానివాళ్లు కూడా ఓటెవరికో ఇంకొకరికి చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. అమ్మీ కూడా బూత్‌లోకి ఒక్కతే వెళ్లి ఒక్కతే వస్తుంది.

నా దృష్టిలో సాదగీ అంటే ఇదే. బటన్లు తగ్గించినంత మాత్రాన సాదగీ రాదు, ఆ నల్ల అద్దం మీద పైకి లేచిన బటన్ ఒక్కటీ లేదు మరి! మనిషిని ఇంకొకరి మీద ఆధారపడనివ్వకుండా, ఇజ్జత్‌తో తన పని తను చేసుకోనివ్వాలి.

అందుకే ఒక సలహా. ఈసారి మిక్సీయో, స్టవ్వో, ఫోనో కొనేటప్పుడు అమ్మీనో నానీనో దుకాణానికి తీసుకెళ్లండి. వస్తువు వాళ్ల చేతికివ్వండి. మీరేమీ చెప్పకండి, సేల్స్ అబ్బాయిని కూడా చెప్పనివ్వకండి. వాళ్ల చేయి దానంతటదే సరైన చోటికి వెళ్తే కొనండి. వెళ్లకపోతే దాన్ని అక్కడే వదిలేసి రండి.