కండక్టరు లేని ఊళ్లో

తమిళనాడులోని మా విళాత్తికుళంలో కోవిల్పట్టి బస్సెక్కితే దారి తప్పే ప్రసక్తే లేదు. ఎట్టయపురం రాగానే కండక్టరే అరుస్తాడు. పక్కసీటు పెద్దమ్మ ఇంటిపేరుతో సహా ఆరా తీస్తుంది. లండన్‌లో ట్యూబు (భూగర్భ రైలు) ఎక్కితే అడిగే నాథుడు లేడు, అంతా పటమే. 1933లో అచ్చయిన హ్యారీ బెక్ పటం పద్ధతే ఇప్పటికీ: నిలువు, అడ్డం, ఏటవాలు గీతలు. దూరాల విషయంలో మాత్రం దాన్ని నమ్మకూడదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ అందులో ఒక స్టేషను, నేల మీద పావు కిలోమీటరు! అంతమాత్రానికి సొరంగంలోకి దిగి, మళ్లీ లిఫ్టు కోసం నిలబడటం దేనికి? నడిస్తే దుకాణాలైనా కనిపిస్తాయి.

కొత్తవాళ్లకు బస్సే మేలంటాను. నోట్లు, చిల్లర తీసుకోరు. ఎక్కేటప్పుడు బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే సరి, గంటలోపు అదే కార్డుతో ఇంకో బస్సెక్కినా మళ్లీ డబ్బు పడదు. ట్యూబులోనైతే బయటికొచ్చేటప్పుడూ ట్యాప్ చేయాలి, మరిచారో గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఎస్కలేటరు మీద కుడిపక్క నిలబడాలి. ఎడమపక్క ఆగితే ఎవరూ తిట్టరు గానీ వెనక నుంచి చిన్న దగ్గు వినిపిస్తుంది. మా ఊరి బస్సులో మావాళ్లయితే భుజం తట్టి, ఎక్కడికో కనుక్కుని, సీటు కూడా ఇప్పిస్తారు. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు దొరికితే మాత్రం నేనెవరికీ ఇవ్వను.