చామనఛాయా, లేజరూ

పెళ్ళి కుదిరిన ఆడపిల్లల లిస్టులో ఈ మధ్య చీరలూ నగలతోపాటు లేజరు ప్యాకేజీ కూడా చేరింది. మా టీములో ఒకమ్మాయికి ఓ క్లినిక్కువాళ్ళిచ్చిన ఆఫరు చూశాను: మొహమంతా ఎనిమిది సిట్టింగులు, అవాంఛిత రోమాలు "శాశ్వతంగా" మాయం, ఈరోజే కడితే సగం రేటు. పెళ్ళేమో నెలన్నరలో! సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఈ ప్రాజెక్టు డెడ్‌లైన్ దాటుతుందని చెప్పడానికి మేనేజరు అక్కర్లేదు.

ఎందుకాగాలంటే, వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. పెరిగే దశలో ఉన్నవే లేజరుకి దొరుకుతాయి, మిగతావి తరవాత నిద్రలేస్తాయి. ఇక "శాశ్వతం" అంటారా, అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మాట "శాశ్వతంగా తగ్గించడం". తిరిగి మొలిచేవి చాలాకాలం తక్కువగా ఉంటాయని అర్థం, ఒక్కటీ మిగలదని కాదు. తెల్లవెంట్రుకల మీదైతే దాదాపు పనిచెయ్యదు.

అసలు గొడవ మన రంగుతో. లేజరుకి వెంట్రుక కనబడదండీ, మెలనిన్ కనబడుతుంది. అది కాంతిని పీల్చుకుని వేడెక్కి కుదురుని కాలుస్తుంది. తరంగదైర్ఘ్యం, పల్సు నిడివి సరిగ్గా ఎంచుకుంటే చుట్టుపక్కల కాలకుండా కావలసినదాన్నే కాల్చొచ్చని 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికన్ డాక్టర్లు చెప్పారు. తెల్లతోలూ నల్లజుట్టూ అయితే సులువే. మన చర్మంలోనూ మెలనిన్ దండిగా ఉంది కాబట్టి ఫాల్స్ పాజిటివ్‌లు ఎక్కువ :) అవి బొబ్బలుగా వచ్చి, నెలల తరబడి పోని నల్లమచ్చలుగా మిగలొచ్చు. అందుకే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ కన్నా 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ మనకి క్షేమం. దాన్ని మెలనిన్ తక్కువ పీల్చుకుంటుంది. కౌంటర్లో అడగాల్సింది డిస్కౌంటు కాదు, ఈ నంబరు.

అన్నీ సవ్యంగా జరిగితే రబ్బరుబ్యాండుతో కొట్టినట్టు చురుకు, కొన్ని గంటలో ఒకట్రెండు రోజులో ఎరుపూ వాపూ. తరవాత రెండుమూడు వారాలు వెంట్రుకలు పెరుగుతున్నట్టే కనిపిస్తాయి, నిజానికవి రాలిపోతున్నవి. సిట్టింగుల మధ్య థ్రెడింగు, వాక్సింగు కూడదు. కుదురే లేకపోతే లేజరు దేన్ని కాలుస్తుంది? షేవింగు ఫరవాలేదు. (మన ఇళ్ళలో ఈ మాటంటే అమ్మలు మూర్ఛపోతారు, అది వేరే సంగతి.) గడ్డం మీద రోమాలు ఎక్కువై నెలసరి కూడా తప్పుతుంటే ముందు హార్మోన్ పరీక్షలు చేయించుకోవాలి. పీసీఓఎస్ ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. కొందరికి మొహం మీద లేజరు తరవాత చుట్టుపక్కల రోమాలు ఇంకా ఒత్తుగా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

నాకు ఒళ్ళుమండింది మాత్రం సదరు ఆఫరులో చివరి లైనుకి: "మంగుమచ్చలకి లేజరు ఉచితం". మంగు వేడికే ముదరొచ్చు, తగ్గినా తిరిగి రావడం మామూలు. దానికి ముందు వాడేది రోజూ సన్‌స్క్రీన్, చర్మవైద్యులు రాసిన క్రీములు. మిషను పట్టుకునేదెవరు, డాక్టరు ఉంటారా, చెవి పక్కన చిన్నచోట టెస్టు చేసి కొన్నాళ్ళు చూస్తారా అని అడగండి. "అవన్నీ ఎందుకు మేడమ్, ముందు పేమెంటు" అంటే లేచి వచ్చెయ్యండి.