పగటి మ్యాచ్‌కి లైట్లు లేవట!

బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. ఆన్‌సైట్‌కి వచ్చిన కొత్తలో "మన బిళ్ళంగోడు లాంటిదేలే" అనుకుని వదిలేశాను. అలాంటివాణ్ణి ఓ ఆదివారం మా కొలీగ్ ఒకాయన ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌కి లాక్కెళ్ళాడు. నది మధ్యలో చిన్న లంక, దాని మీద పాత స్టేడియం. 1914 నుంచీ అక్కడ ఆడుతున్నారట. ఆట నాకు సగమే అర్థమైంది. బయట ఉన్న జాకీ రాబిన్‌సన్ విగ్రహం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. ఇప్పుడా స్టేడియం పేరు కూడా ఆయనదే.

అమెరికాలో పెద్ద టీములన్నీ సీజన్‌కి ముందు చలి తప్పించుకోడానికి ఫ్లోరిడాకో, ఆరిజోనాకో పోయి ప్రాక్టీసు చేస్తాయి. దాన్నే స్ప్రింగ్ ట్రైనింగ్ అంటారు. 1946లో బ్రూక్లిన్ డాడ్జర్స్, వాళ్ళ కింది టీమైన మాంట్రియల్ రాయల్స్ అలాగే ఫ్లోరిడా వచ్చాయి. రాయల్స్‌లో కొత్తగా చేరిన నల్లజాతి ఆటగాడు రాబిన్‌సన్. అప్పటికి మేజర్ లీగ్ టీముల్లో నల్లవాళ్ళు ఒక్కరూ లేరు.

మొదట శాన్‌ఫర్డ్ అనే ఊళ్ళో దిగితే, బెదిరింపులొచ్చి రెండ్రోజుల్లోనే డేటోనాకి వచ్చేయాల్సొచ్చింది. జాక్సన్‌విల్ వాళ్ళయితే ఏకంగా స్టేడియం గేటుకి తాళం వేసేశారు. అన్నిటికంటే నన్ను ఆపేసింది డీలాండ్ ఊరి జవాబు. లైట్లు పనిచెయ్యట్లేదు కాబట్టి మ్యాచ్ రద్దు అన్నారట. ఆడాల్సింది పగలు! (బగ్ ఒప్పుకోలేక "ఎన్విరాన్‌మెంట్ డౌన్" అని మెయిల్ కొట్టే మనకి ఈ జవాబు ఎక్కడో విన్నట్టే ఉంటుంది.)

డేటోనా వాళ్ళు మాత్రం ఆడనిచ్చారు. 1946 మార్చి 17న ఈ స్టేడియంలోనే రాయల్స్, డాడ్జర్స్ తలపడ్డాయి. రాబిన్‌సన్ ఆ రోజు ఒక్క హిట్టూ కొట్టలేదు. అయినా చరిత్రలో నిలిచింది ఆ మ్యాచే. అలాగని డేటోనా వాళ్ళేమీ దేవుళ్ళు కారు. చూడ్డానికొచ్చిన నల్లవాళ్ళకి సీట్లు విడిగానే వేశారు. తెల్ల ఆటగాళ్ళు హోటల్లో, రాబిన్‌సన్ దంపతులు నల్లవాళ్ళ పేటలో ఒకరింట్లో. ఆ తర్వాతి ఏడాది డాడ్జర్స్ ఈ గొడవంతా ఎందుకని ట్రైనింగ్ క్యూబాలో పెట్టుకున్నారు. 1947 ఏప్రిల్ 15న రాబిన్‌సన్ బ్రూక్లిన్ తరఫున మేజర్ లీగ్‌లో దిగాడు.

ఇదంతా చదివి "ఛీ, ఏం మనుషులు" అనేసుకుని పడుకుందామనుకున్నా. నిద్ర పట్టలేదు.

ఇంటర్ చదివేటప్పుడు మా ఊరి క్రికెట్ టీముకి ఒక ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. కాలనీ కుర్రాడు. వాడు లేకపోతే మేం ఒక్క మ్యాచ్ కూడా గెలిచేవాళ్ళం కాదు. ఒకసారి పక్క ఊళ్ళో ఫైనల్. వాడే ఐదు వికెట్లు తీశాడు. మ్యాచ్ అయ్యాక గుడి దగ్గర అందరికీ భోజనాలు. వాడి వంతు వచ్చేసరికి వడ్డించే పెద్దాయన "విస్తర్లు అయిపోయాయి బాబూ, నువ్వు కాసేపు అలా కూర్చో" అన్నాడు. ఆయన వెనకాల అరుగు మీద విస్తళ్ళ కట్ట నాకు కనిపిస్తూనే ఉంది. కట్టిన తాడు కూడా విప్పలేదు.

వాడికీ కనిపించే ఉంటుంది. ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను లేవలేదు. పులిహోర మారు కూడా వడ్డించుకున్నా.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు బస్టాండులో కనిపించాడు. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం అదే.

"ఏరా, మీ అమెరికాలో క్రికెట్ ఆడరటగా?" అన్నాడు.

"బేస్‌బాల్ ఆడతార్రా" అన్నాను.

డేటోనా స్టేడియం సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. అది మొదలుపెడితే విస్తళ్ళ కట్ట దాకా వెళ్ళాలి. ఇంతలో వాడి బస్సొచ్చేసింది.